రెండువందల పద్నాలుగో మొక్క

త్రిమూర్తులు స్టీరియో యాంప్లిఫయర్ తెచ్చుకున్నది పాటల కోసం కాదు. తన తల్లి నలభై అయిదేళ్ల కిందట ఏమందో తెలుసుకోవడానికి.

తల్లి నూకాలమ్మ పడుచుతనంలో ఆడవాళ్ల బుర్రకథ దళంలో హాస్యపు వంత. మధ్యలో తంబురా పట్టుకుని కథ చెప్పేది సత్తెమ్మక్క. కుడిపక్క వంత నీతులు చెప్పేది. ఎడమపక్క నిలబడి గుమ్మెట వాయిస్తూ, కథకి అడ్డం తగులుతూ జనాన్ని నవ్వించే పని నూకాలమ్మది. ఆ దళం చెప్పిన కథల్లో ఒకే ఒక్కటి క్యాసెట్టులో మిగిలింది. ఏదో తీర్థంలో ఎవరో రికార్డు చేశారు. మైకు సత్తెమ్మక్క ముందుండేది కాబట్టి ఆవిడ గొంతు కంచు మోగినట్టు వినిపిస్తుంది. నూకాలమ్మ గొంతు మాత్రం పక్కింట్లో ఎవరో మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

క్యాసెట్టు రెండో వైపు పదకొండో నిమిషంలో సత్తెమ్మక్క తంబురా మీటి, నిండు సభలో రాజుగారు ఏమని సెలవిచ్చినారని గంభీరంగా అడుగుతుంది. నూకాలమ్మ ఏదో అంటుంది. వెంటనే జనం నవ్వుతారు. అదేదో మర్యాదకి నవ్విన నవ్వు కాదు. రేకుల కప్పు మీద పెద్ద వాన పడ్డట్టు ఉంటుంది. ఆగినట్టే ఆగి మళ్లీ లేస్తుంది. సత్తెమ్మక్క అంతటి మనిషి కథ సాగించలేక తనూ నవ్వేస్తుంది. అంత నవ్వుకి కారణమైన మాట ఏమిటో మాత్రం తెలియదు. పాత టేప్ రికార్డరుకున్న చిన్న స్పీకరులో అది వినపడదు. నూకాలమ్మకి గుర్తు లేదు. గుర్తుండాల్సిన మిగతా ఇద్దరూ లోకంలో లేరు.

ఒక రోజు చిక్కుళ్లు ఒలుస్తూ ఆవిడ మామూలుగా అంది. "ఊరూరంతా నవ్విందిరా మూర్తులూ. ఏవన్నానో తెలీకుండానే పోతానేమో."

త్రిమూర్తులు ఆ మాట మర్చిపోలేకపోయాడు. నెల తిరక్కుండా రాజమండ్రి నుంచి ఒక సెకండ్ హ్యాండ్ యాంప్లిఫయరూ, మోకాలెత్తు స్పీకరు బాక్సులు రెండూ పట్టుకొచ్చాడు. టేప్ రికార్డరు వైరు దానికి తగిలించి స్విచ్ వేశాడు.

రెండు బాక్సుల్లోంచీ గుయ్యిమని మోత మొదలైంది. వాల్యూమ్ పెంచితే నూకాలమ్మ గొంతు ఒక మెట్టు ఎక్కింది, గుయ్యి రెండు మెట్లు ఎక్కింది. పదకొండో నిమిషంలో రాజుగారు ఏమన్నారని సత్తెమ్మక్క అడిగింది. తర్వాత గుయ్యి. తర్వాత నవ్వు.

"ఈ పెట్టెలో కందిరీగలు కాపరం పెట్టాయిరా," అంది నూకాలమ్మ.

మర్నాడు రేడియో మెకానిక్కు మస్తాన్ వలీ వచ్చాడు. తొందరపడే మనిషి కాదు. ముందు వాల్యూమ్ సున్నాకి తిప్పి విన్నాడు. టేప్ రికార్డరు వైరు పీకి విన్నాడు, పెట్టి విన్నాడు. ట్యూబులైటు ఆపించాడు, ఫ్యాను ఆపించాడు, ఫ్రిజ్ ఆపించాడు. కరెంటు వైరూ పాట వైరూ ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉంటే వాటిని విడదీసి చెరో గోడకీ పంపాడు. మూత విప్పి, ఉబ్బిపోయిన కండెన్సర్లు రెండు మార్చాడు. గుయ్యి కొంచెం తగ్గింది కానీ పోలేదు. చివరికి చెప్పులు విడిచి, వట్టి కాళ్లతో నిలబడి, యాంప్లిఫయర్ ఇనప ఒంటి మీద అరచెయ్యి ఆనించాడు. గుయ్యి సగానికి సగం పడిపోయింది. చెయ్యి తీశాడు. మళ్లీ లేచింది.

"అదండీ సంగతి," అన్నాడు. "దీని కాలు నేలకి ఆనట్లేదండి. నా ఒంటి మీదుగా నేలని పట్టుకుంటంది."

అయితే క్యాసెట్టు అయిపోయేదాకా చెయ్యి అలాగే ఉంచి కూర్చోమని నూకాలమ్మ అడిగింది. షాపు తియ్యాలని అతను చెప్పాడు. పోనీ తనే పట్టుకుంటానని ఆవిడ చెయ్యి వేసింది, జివ్వుమనేసరికి తీసేసింది.

మస్తాన్ వలీ పెరటివైపు నడిచాడు. క్వార్టర్ల వెనక ఇటుకలు పేర్చిన చిన్న గొయ్యి, అందులోంచి అడుగు ఎత్తున పైకి లేచిన ఇనప గొట్టం ఉన్నాయి. అది ఆ వరస ఇళ్లన్నిటికీ ఎర్త్ గొయ్యి. కట్టినప్పుడు అందులో బొగ్గూ ఉప్పూ దట్టించి పూడుస్తారు, పదిహేను రోజులకోసారి నీళ్లు పోస్తూ ఉంటారు. నేల తడిగా ఉంటేనే కరెంటు పెట్టెలకి కాలు ఆనుతుంది. ఈ గొయ్యి ఎండి నెర్రెలిచ్చి ఉంది. గొట్టం నీడలో ఒక తొండ పడుకుని ఉంది.

"నాలుగు బిందెలు పొయ్యండి. గుయ్యి చచ్చిపోద్ది," అని చెప్పి మస్తాన్ వలీ సైకిలెక్కాడు.

కథ ఇక్కడితో అయిపోవలసింది. అవకపోవడానికి కారణం ఆ క్వార్టర్లు కాలువల పర్యవేక్షణ సంస్థవి కావడం. త్రిమూర్తులు ఆ సంస్థలోనే రికార్డు అసిస్టెంటు. గొల్లలంక లాకుల పక్కనే కాలనీ. గొయ్యికి పది గజాల దూరంలో కాలువ నిండుగా పారుతూ ఉంటుంది. అయితే ఆ ఏడు సంస్థకి నీటి పొదుపు పట్టుకుంది. గోడల మీద నీటిబొట్టు బొమ్మలు వేశారు. ఫైళ్ల మీద నీటిబొట్టు ముద్రలు కొట్టారు. బాహ్య జల వినియోగ నియంత్రణ ఉత్తర్వు అని ఒకటి తీశారు. దాని ప్రకారం క్వార్టరు గడప దాటి చుక్క నీరు పడకూడదు. కాలువ నీరు రైతులది కనుక ముట్టకూడదు. కుళాయి నీరు ఇంటిది కనుక బయటికి తేకూడదు. మెట్లు కడిగినందుకు మూడో నంబరు క్వార్టరాయన ఇల్లు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది.

త్రిమూర్తులు బిందెతో గడప దాటేలోపే వాచ్‌మన్ అడ్డం వచ్చాడు. పాపం అతనూ ఉద్యోగస్థుడే. నాలుగో నిబంధన చదివి వినిపించి, బిందె లోపల పెట్టించాడు. నిబంధనలంటే త్రిమూర్తులుకి మొదటినుంచీ భయం. దరఖాస్తు రాసుకుని నీటి పొదుపు అధికారి కృపానందం దగ్గరికి వెళ్లాడు.

కృపానందం మంచివాడు. ఎవరినీ ఉత్తచేతులతో పంపడం ఇష్టం లేని మనిషి. దరఖాస్తు రెండుసార్లు చదివి కళ్లజోడు తీశాడు.

"నీళ్లు మూడింటికే మంజూరు చెయ్యొచ్చు త్రిమూర్తులు గారూ. మొక్క, పశువు, అధికార వాహనం. మీదేది?"

"ఇనప గొట్టం అండి."

"అదేనండి, ఈ మూడింట్లో ఏదని అడుగుతున్నాను."

ఇద్దరూ కూర్చుని ఆలోచించారు. వాహనం అంటే నంబరు ప్లేటు కావాలి, డ్రైవరు కావాలి. పశువు అంటే చెవికి బిళ్ల ఉండాలి, పశువుల డాక్టరు వచ్చి చూడాలి. గొట్టానికి చెవి ఎక్కడని డాక్టరు అడిగితే చెప్పడం కష్టం. మొక్క అయితే ఫారం తొమ్మిది నింపితే చాలు. కృపానందం తన చేత్తోనే నింపాడు. జాతి, ఇనుము. ఎత్తు, పన్నెండు అంగుళాలు. ఆకులు, రాలినవి. పూత, ఇంకా రాలేదు. నీడ ఇచ్చునా అన్న చోట కాసేపు కలం ఆపి, కొద్దిగా అని రాశాడు. ఆ తొండ గుర్తొచ్చి త్రిమూర్తులు అది అబద్ధం కాదనుకున్నాడు. మొక్కకి రెండువందల పద్నాలుగో నంబరు వచ్చింది. సంరక్షకుడు అన్న గడిలో త్రిమూర్తులు పేరు పడింది.

ఇంటికొచ్చి సంగతంతా తల్లికి చెప్పాడు.

"మరి మొక్కకి నీళ్లు పోస్తే కాయలు కాస్తదంటావా?" అంది నూకాలమ్మ.

నీళ్లు మాత్రం వెంటనే రాలేదు. మొక్కని నాటకముందే నీరు పోయడం నిబంధనలకు విరుద్ధం. అందుచేత నాటే కార్యక్రమం పెట్టారు. కాలనీ కట్టినప్పుడే పాతేసిన గొట్టం కాబట్టి దాని చుట్టూ గుప్పెడు మట్టి తీసి, పళ్లెంలో పెట్టి, పూలు చల్లి, తీసిన చోటే మళ్లీ వేయడానికి ఏర్పాటు చేశారు. కార్యనిర్వాహక ఇంజనీరు, అంటే ఈఈ, పరాంకుశం గారు స్వయంగా విచ్చేశారు. ఆయన ఏది మాట్లాడినా రాతి మీద చెక్కించడానికి మాట్లాడినట్టు ఉంటుంది.

"ప్రతి మొక్కలోనూ ఒక మహావృక్షం నిద్రించుచున్నది," అన్నారు. "దానిని మేల్కొలుపుట ఈ సంస్థ యొక్క పవిత్ర బాధ్యత."

గొట్టానికి దండ వేశారు. ముందు ఆయన, తర్వాత హోదాల వరసలో ఎనిమిది మంది అధికారులు తలా ఒక చెంబు నీళ్లు పోశారు. ఫోటో తీశారు.

నూకాలమ్మ ఇంట్లో బాక్సుల మధ్య ముక్కాలి పీట వేసుకుని, క్యాసెట్టు పదో నిమిషం దగ్గర పెట్టుకుని, మీట మీద వేలు వేసి కూర్చుంది. నాలుగో చెంబుకి గుయ్యి పలచబడింది. ఏడో చెంబుకి దోమ పాటంత అయింది. ఆవిడ మీట నొక్కింది. సత్తెమ్మక్క అడిగింది. ఎడమపక్క నుంచి, నలభై అయిదేళ్ల అవతల నుంచి, ఒక పడుచు గొంతు పలికింది.

"నాకేం తెల్సక్కా..."

అంతే. ఎండిన నేల తొమ్మిది చెంబులూ తాగేసి మూతి తుడుచుకుంది. గుయ్యి మళ్లీ వచ్చేసింది. తర్వాత నవ్వు.

"నాదే," అంది నూకాలమ్మ లోపలికొచ్చిన కొడుకుతో. "నా గొంతేరా. ఏదో తెలీదని అన్నాను. తెలీదన్నందుకు అంత నవ్వుతారా?"

మొక్కకి వారానికి ఒక చెంబు చొప్పున మంజూరైంది. ప్రతి సోమవారం వాచ్‌మన్ సాక్షిగా త్రిమూర్తులు ఆ చెంబు పోసేవాడు. ఒక్క చెంబుకి గుయ్యి పక్కకి ఒత్తిగిలేది తప్ప లేచి వెళ్లేది కాదు.

నెలాఖరున ఎదుగుదల తనిఖీ జరిగింది. స్కేలు పెట్టి కొలిచారు. పన్నెండు అంగుళాలు. మరుసటి నెలా పన్నెండే. మూడో నెల త్రిమూర్తులుకి మెమో వచ్చింది. సంస్థ నీటిని క్రమం తప్పక స్వీకరిస్తూ కూడా మొక్క ఎదుగుదల చూపకపోవుటకు గల కారణములను మూడు దినములలో తెలుపవలసినది. అతను ఒక పూట ఆలోచించి, ఇనుము పెరగదని సంజాయిషీ రాసుకెళ్లాడు.

కృపానందం దాన్ని చదివి, తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. "ఇనుము పెరగదని మీరు రాస్తే, దాన్ని మొక్కని రాసిన నేనేవైపోతానండి? నాకు ఇద్దరు పిల్లలండి."

అతని మొహం చూసి త్రిమూర్తులు ఆ వాక్యం కొట్టేసి, నిదానముగా ఎదుగు జాతి అని రాశాడు. నిదానమన్న మాట పరాంకుశం గారికి నచ్చలేదు. ఆయన ఏలుబడిలో ఏదీ నిదానంగా జరగదని అందరికీ తెలియాలి. ఉద్యాన నిపుణుణ్ణి పిలిపించారు.

నిపుణుడు గొట్టాన్ని తట్టి చూశాడు. కాండం ఆరోగ్యంగా ఉందన్నాడు. లోపం వేళ్లలో ఉండాలని చిన్న పారతో మొదట్లో తవ్వాడు. బొగ్గు వచ్చింది. ఇంకాస్త తవ్వాడు. ఉప్పు వచ్చింది. కొంచెం నాలిక మీద వేసుకుని నిర్ధారించుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు రెండడుగులు వెనక్కి వేశారు.

సాయంత్రానికి నివేదిక తయారైంది. గుర్తు తెలియని వ్యక్తులు మొక్కను మొదట దహించుటకు యత్నించి, విఫలులై, అటుపిమ్మట వేళ్లకు ఉప్పు పట్టించినారు. సంరక్షకుని ప్రమేయం లేనిదే ఇది సాధ్యం కాదు. పది దినములలో నిర్దోషిత్వం రుజువు చేసుకొననిచో సంరక్షకుడు తన ఏడో నంబరు క్వార్టరు ఖాళీ చేయవలసి ఉండును.

త్రిమూర్తులు చేతులు కట్టుకుని పరాంకుశం గారి ముందు నిలబడ్డాడు. కాలనీ కట్టినప్పుడు, ఇరవై ఏళ్ల కిందటే, సంస్థ కరెంటు విభాగం వాళ్లే ఆ ఉప్పు వేశారనీ, ఎర్త్ గోతులన్నిట్లోనూ వేస్తారనీ ఉన్న సంగతి చెప్పాడు. ఆయన శ్రద్ధగా విన్నారు.

"అనగా ఇరవై ఏళ్లుగా ఈ కుట్ర జరుగుచున్నది," అన్నారు. "మన మధ్యనే. అన్ని గోతులలోనూ."

ఆ రోజు త్రిమూర్తులు అన్నం ముందు కూర్చుని కలపకుండా ఉండిపోయాడు. నూకాలమ్మ సంగతంతా రాబట్టింది. తర్వాత లేచి యాంప్లిఫయర్ మీద పాత చీర కప్పింది.

"తీసుకెళ్లి ఇచ్చెయ్యరా. నవ్వు ఎలాగూ ఇనపడతంది కదా. దాని ముందు మాట కోసం ఇల్లు పోగొట్టుకుంటావా?"

అతను ఇవ్వలేదు. అలాగని ఏం చెయ్యాలో కూడా తోచలేదు. రుజువు కోసం మస్తాన్ వలీ చేత కాగితం రాయించాడు. అందులో అతను గుయ్యి గురించి రాశాడు తప్ప మొక్క గురించి ఒక్క ముక్క రాయలేదు కనుక సంబంధం లేని పత్రమని తిప్పి పంపారు.

తొమ్మిదో రోజు పొద్దున్న ట్యాంకరు వచ్చింది. విచారణ దారి విచారణది, వైద్యం దారి వైద్యానిది. ఉప్పు పట్టిన మొక్కని బతికించాలంటే మొదట్లో ఏకధారగా నీళ్లు వదిలి, ఉప్పంతా కడిగేయాలని నిపుణుడు సిఫారసు చేశాడు. అయిదు వేల లీటర్ల ట్యాంకరుకి, ప్రాణాపాయ పరిస్థితి అన్న పద్దు కింద, కాలువ నీళ్లు తోడుకోవడానికి ప్రత్యేక అనుమతి ఇచ్చారు. పరాంకుశం గారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. కృపానందం స్కేలు పట్టుకుని నిలబడ్డాడు. నిపుణుడు సైగ చేశాడు. ట్యాంకరు గొట్టం విప్పారు.

ఇంట్లో త్రిమూర్తులు చూస్తుండగా నూకాలమ్మ చీర తీసి స్విచ్ వేసింది. గుయ్యి మామూలుగానే లేచింది. బయట నీళ్లు గోతిలో దిగుతున్న చప్పుడు మొదలైంది. గుయ్యి సన్నబడింది, ఇంకా సన్నబడింది. ఒక దగ్గర ఉందా లేదా అని సందేహం వచ్చేంత అయింది. తర్వాత సందేహం కూడా పోయింది. ఆ గదిలో అంత నిశ్శబ్దం త్రిమూర్తులు ఎప్పుడూ వినలేదు. గోడ మీద బల్లి నడిస్తే వినపడింది. తల్లి మీట నొక్కింది.

సత్తెమ్మక్క తంబురా మీటింది. నిండు సభలో రాజుగారు ఏమని సెలవిచ్చినారమ్మా అని అడిగింది. గుమ్మెట మీద రెండు దెబ్బలు పడ్డాయి.

"నాకేం తెల్సక్కా. ఈ మైకు గుయ్యిమంటా ఉంటే రాజుగారి మాట రాజుగారికే ఇనపడ్డం లేదు."

తర్వాత నవ్వు.

నూకాలమ్మ కొడుకు వైపు చూసింది. కొడుకు తల్లి వైపు చూశాడు. ముందు ఆవిడకి భుజాలు కదిలాయి. తర్వాత పీట కదిలింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. నలభై అయిదేళ్ల కిందటి జనంతో కలిసి, వాళ్లు ఆగినప్పుడు ఆగుతూ, లేచినప్పుడు లేస్తూ నవ్వింది. త్రిమూర్తులు కళ్లు తుడుచుకుంటుండగా బయట కేక వినపడింది.

అది కృపానందం కేక. అతను అరిచే మనిషి కాదు. అయిదు వేల లీటర్లు పడేసరికి గొట్టం చుట్టూ ఉన్న మట్టి కరిగి దిగిపోయింది. గొట్టం ఉన్నచోటే ఉంది. స్కేలు పెడితే పదహారు అంగుళాలు వచ్చింది.

నిపుణుడు మళ్లీ కొలిచాడు. పదహారే. పరాంకుశం గారు కుర్చీలోంచి లేచారు. మూడు నెలలు ఎదగని మొక్క ఒక్క పూటలో నాలుగు అంగుళాలు ఎదిగింది. సంస్థ చరిత్రలో ఏ మొక్కా అలా ఎదగలేదు. విచారణ అక్కడికక్కడే ముగిసింది. ఎదిగిన మొక్కకి హాని జరిగిందనడం తర్కానికి నిలవదని ఆయనే అన్నారు. రోజుకి నాలుగు బిందెలు శాశ్వతంగా మంజూరు చేశారు. క్వార్టరు ఖాళీ చెయ్యమన్న కాగితం స్థానంలో ఉత్తమ సంరక్షకుడన్న కాగితం టైపు చేయించారు.

ఆ వారంలోనే కాలనీ ఖాళీ స్థలంలో సన్మానసభ పెట్టారు. ఇరవై నాలుగు క్వార్టర్ల వాళ్లూ వచ్చారు. త్రిమూర్తులుకి శాలువా కప్పారు. నూకాలమ్మని ముందు వరసలో కూర్చోబెట్టారు. మైకుకి కరెంటు వాచ్‌మన్ గది నుంచి లాగారు. ఆ గదికి వేరే ఎర్త్ గొయ్యి ఉంది. దానికి మొక్క నంబరు లేదు కాబట్టి నీళ్లూ లేవు.

పరాంకుశం గారు మైకు ముందు నిలబడి గొంతు సవరించుకున్నారు. మైకు గుయ్యిమంది. ఆయన పట్టించుకోకుండా చాలాసేపు మాట్లాడారు. చేతులు కదిలాయి, పెదవులు కదిలాయి. మహావృక్షం అన్న మాట ఒకసారి పైకి తేలి మళ్లీ మునిగిపోయింది. ఆయన ముగించి కూర్చోగానే కృపానందం వందన సమర్పణకి లేచాడు.

"ఇప్పుడు మన ఈఈ గారు ఏమని సెలవిచ్చారంటే," అని మొదలుపెట్టి, తనకీ వినపడలేదని గుర్తొచ్చి, ఆగిపోయాడు.

త్రిమూర్తులు తల్లి వైపు చూశాడు. వద్దన్నట్టు కళ్లతో సైగ చేశాడు. ఆవిడ అప్పటికే కుర్చీ చేతి మీద వేళ్లతో రెండు దెబ్బలు వేసింది.

"నాకేం తెల్సు బాబూ," అంది. ఆ గొంతుకి మైకు అక్కర్లేదు. "ఈ మైకు గుయ్యిమంటా ఉంటే ఈఈ గారి మాట ఈఈ గారికే ఇనపడ్డం లేదు."

ముందు వాచ్‌మన్ నవ్వాడు. తర్వాత ఇరవై నాలుగు క్వార్టర్లూ నవ్వాయి. ఆగినట్టే ఆగి మళ్లీ లేచింది. స్టేజీ మీద కృపానందం రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నూకాలమ్మ ఆ నవ్వుని కళ్లు మూసుకుని వింది. ఈసారి దాని ముందు మాట ఆవిడకి తెలుసు.

పరాంకుశం గారు నవ్వలేదు. అలాగని కోప్పడనూ లేదు. ఎక్కడ లోపం కనిపించినా దిద్దడం తన బాధ్యత అనుకునే మనిషి. మైకు వైపు తీక్షణంగా చూసి, కృపానందాన్ని దగ్గరికి పిలిచి, చెవిలో మెల్లగా చెప్పారు. మైకు ముందే, వట్టి కాళ్లతో దాని ఇనప కాడ పట్టుకుని చెప్పడం వల్ల గుయ్యి తగ్గి, ఆ ఒక్క మాటా కాలనీ మొత్తానికి స్పష్టంగా వినిపించింది.

"దీనికి కూడా ఒక మొక్క నాటించండి."